శనివారం గెలుపు - ఆదివారం పరీక్ష

సాయంకాలం బడి విడిచే గంట కొట్టగానే మైదానంలో రెండు గుంజల నడుమ వల కట్టి, సున్నంతో గీతలు గీసి, అమ్మాయిలు వాలీబాల్ ఆడటం మీరు చూసే ఉంటారు. పెద్ద ఖర్చు లేని ఆట ఇది. ఒక బంతి, ఒక వల, కాస్త చదునైన నేల ఉంటే చాలు. అందుకే మన పల్లెటూళ్ళ బడులలో ఈ ఆట బాగా నిలదొక్కుకుంది.

కొండగట్టు దగ్గరలోని మల్యాల నుండి ఒక బాలికల జట్టు శని, ఆదివారాల్లో జరిగే పోటీలకు జగిత్యాల వెళ్ళిందని ఊహించుకుందాం. శనివారం మూడు ఆటలు ఆడింది. మూడూ గెలిచింది. ఆదివారం ఉదయం సెమీఫైనల్. ఆడేది అదే జట్టు. ఎదుటి జట్టు నిన్న ఓడినవాళ్ళ కంటే గొప్పదేమీ కాదు. కాని ఈ రోజు సర్వీసులు వలకు తగులుతున్నాయి. నిన్న సులువుగా అందిన బంతులు ఈ రోజు ఒక అడుగు ముందే నేల మీద పడుతున్నాయి. గెంతు ఎత్తు తగ్గింది. మన జట్టు ఓడిపోయింది.

ఎందుకిలా జరిగింది? "దిష్టి తగిలింది" అంటారు కొందరు. "ఆడపిల్లలకు ఓపిక తక్కువ" అంటారు మరికొందరు. ఈ రెండు మాటలూ సరి కావు. అసలు కారణాలు లెక్కకు అందేవి, కొలతకు దొరికేవి. మీ పాఠ్యపుస్తకాల్లో ఉన్న భౌతిక శాస్త్రం, జీవశాస్త్రం చాలు వాటిని తెలుసుకోవడానికి. ముందు ఆటను పరిశీలిద్దాం. తరువాత ఆడేవారిని పరిశీలిద్దాం.

ఆట పుట్టుక

వాలీబాల్‌ను 1895లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, హోలియోక్ అనే పట్టణంలో విలియం మోర్గాన్ అనే వ్యాయామ శిక్షకుడు కనిపెట్టాడు. అంతకు నాలుగేళ్ళ ముందే బాస్కెట్‌బాల్ పుట్టింది. అయితే అందులో పరుగు, తోపులాట ఎక్కువ. వయసు మళ్ళిన వ్యాపారస్థులకు అంత శ్రమ లేని ఆట ఒకటి కావాలని మోర్గాన్ ఆలోచించాడు. వల కట్టి, బంతిని చేతులతో ఇటూ అటూ కొట్టించాడు. మొదట దాని పేరు 'మింటొనెట్'. 1896లో ఆల్‌ఫ్రెడ్ హాల్‌స్టెడ్ అనే ఆయన ఆ ఆటను చూసి, వాలీబాల్ అనే పేరు సూచించాడు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో ఇది తొలిసారి పతకాల ఆట అయింది. స్త్రీలకు, పురుషులకు అదే ఏడాది పోటీలు పెట్టారు.

శ్రమ తక్కువ ఉండాలని పుట్టిన ఆట నేడు ఎంత శ్రమతో కూడినదో మీకు తెలుసు. కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. వల ఎత్తు పురుషులకు 2.43 మీటర్లు, స్త్రీలకు 2.24 మీటర్లు. చిన్న వయసు వారికి ఇంకా తగ్గించవచ్చు. బంతి బరువు 260 నుండి 280 గ్రాములు. ఈ అంకెలు గుర్తుంచుకోండి. ముందు ముందు అవసరమవుతాయి.

సర్వీసు - గాలి చేసే అల్లరి

సర్వీసు చేసిన బంతి సెకనుకు 15 మీటర్ల వేగంతో, అనగా గంటకు 54 కిలోమీటర్ల వేగంతో పోతుందనుకుందాం. గీత నుండి వల దాకా 9 మీటర్లు. అక్కడికి చేరడానికి 0.6 సెకను పడుతుంది. అవతలి కోర్టు చివరికి చేరాలంటే సుమారు 1.2 సెకను. ఈలోగా బంతిని అందుకునే అమ్మాయి దానిని చూడాలి, ఎక్కడ పడుతుందో అంచనా వేయాలి, అక్కడికి కదలాలి.

కంటికి కనిపించిన దానికి చేయి కదలడానికే మనిషికి సుమారు 0.2 సెకను పడుతుంది. దీనిని ప్రతిచర్యా కాలం అంటారు. అలసట వల్ల, నిద్ర చాలకపోవడం వల్ల ఇది పెరుగుతుంది. 0.1 సెకను పెరిగిందనుకోండి. ఆ కొద్ది సమయంలో బంతి ఎంత దూరం పోతుంది? 15 × 0.1 = 1.5 మీటర్లు! నిన్న అందిన బంతి ఈ రోజు ఒక అడుగు ముందే ఎందుకు నేల మీద పడిందో ఇప్పుడు కొంత అర్థమైంది కదా!

బంతి దారిని గాలి కూడా మారుస్తుంది. బంతిని పై నుండి కిందికి తిప్పి కొడితే, అది ముందుకు దొర్లుతున్నట్టు తిరుగుతూ పోతుంది. బంతి తనతో పాటు గాలిని కొంత తిప్పి, వెనుక వైపున పైకి నెడుతుంది. బంతి గాలిని పైకి నెడితే, గాలి బంతిని కిందికి నెడుతుంది. ఇది న్యూటన్ మూడవ గమన నియమమే. అందువల్ల బంతి వల దాటగానే చటుక్కున కిందికి వంగుతుంది. తిరిగే టెన్నిసు బంతి దారి వంగడాన్ని న్యూటన్ 1672లోనే ప్రస్తావించాడు. ఈ విషయాన్ని 1852లో ప్రయోగాలతో పరిశీలించిన జర్మన్ శాస్త్రజ్ఞుడు మాగ్నస్ పేరు మీదుగా దీనిని మాగ్నస్ ప్రభావం అంటారు.

బంతి అసలు తిరగకుండా పోతే ఏమవుతుంది? అప్పుడు తిన్నగా పోవాలి కదా అనిపిస్తుంది. కాని జరిగేది వేరు! శ్రీరాంసాగర్ కాలువలో పాతిన గుంజ వెనుక నీటిని ఎప్పుడైనా గమనించారా? సుడులు ఒకసారి కుడి వైపు, ఒకసారి ఎడమ వైపు పుడుతుంటాయి. తిరగని బంతి వెనుక గాలిలోనూ ఇటువంటి సుడులే పుడతాయి. అవి రెండు పక్కలా సమానంగా ఉండవు. దానికి తోడు బంతి మీది అతుకులు గాలికి ఒక్కో పక్క ఒక్కో విధంగా అడ్డు పడతాయి. అందుచేత బంతి గాలిలో తూలుతూ పోతుంది. ఎటు తూలుతుందో కొట్టిన అమ్మాయికే తెలియదు. ఇక అందుకునే అమ్మాయికి ఏం తెలుస్తుంది? బడి జట్లలో ఇది మంచి ఆయుధం. దీనికి బలం కంటే అదుపు ముఖ్యం. అరచేతి అడుగు భాగంతో బంతి నడిమధ్య పొట్టిగా, గట్టిగా కొట్టి, చేతిని అక్కడే ఆపాలి.

ముంజేతులే అద్దం

సర్వీసును అందుకునే అమ్మాయి రెండు చేతులూ కలిపి, ముంజేతులను పలకలా చాచి నిలబడుతుంది. పతన కోణం, పరావర్తన కోణం సమానమని కాంతి పాఠంలో చదివారు. తిరగకుండా వచ్చే బంతి కూడా ఇంచుమించు ఇదే నియమాన్ని పాటిస్తుంది. ముంజేతులే అద్దం. బంతిని ఎటు పంపాలో అటు అద్దాన్ని వంచాలి. చేతులు ఊపవలసిన పని లేదు.

సెకనుకు 15 మీటర్ల వేగంతో వచ్చే 0.27 కిలోగ్రాముల బంతి ద్రవ్యవేగం 0.27 × 15, అంటే సుమారు 4 యూనిట్లు. దీనిని సెకనులో నూరో వంతులో ఆపితే చేతుల మీద పడే సగటు బలం 400 న్యూటన్లు. సుమారు 40 కిలోల బరువు మీద పడినట్టు! చేతులను కొద్దిగా వెనక్కు ఇచ్చి, ఆపే సమయాన్ని రెట్టింపు చేస్తే బలం సగమవుతుంది. మార్కెట్ యార్డులో పసుపు బస్తాను అందుకునే హమాలీని చూడండి. అతను బిగుసుకుని నిలబడడు. బస్తా భుజం మీద పడుతుండగా మోకాళ్ళు వంచుతాడు. ద్రవ్యవేగం అనే మాట తెలియకపోయినా దాని పాఠం అతనికి బాగా వచ్చు.

గాలిలో అర సెకను

ఇప్పుడు స్మాష్ సంగతి. 155 సెం.మీ. ఎత్తున్న అమ్మాయి చేయి పైకి చాపితే వేళ్ళ కొసలు సుమారు 2 మీటర్ల ఎత్తున ఉంటాయి. వల 2.24 మీటర్లు. ఆమె 40 సెం.మీ. గెంతితే వేళ్ళు 2.40 మీటర్లకు చేరతాయి. వలకు పైన 16 సెం.మీ. ఆట అంతా ఈ జానెడు చోటులోనే ఉంది. అలసటతో గెంతు 10 సెం.మీ. తగ్గితే మిగిలేది 6 సెం.మీ. మాత్రమే! బంతి వ్యాసమే 21 సెం.మీ. ఉంటుంది కనుక ఆ బంతి వలకు తగలక ఏమవుతుంది?

40 సెం.మీ. గెంతడానికి నేలను విడిచేటప్పుడు వేగం సెకనుకు 2.8 మీటర్లు ఉండాలి. గాలిలో ఉండే కాలం మొత్తం 0.57 సెకను. గొప్ప క్రీడాకారిణులు గాలిలో ఒక్క క్షణం ఆగినట్టు కనిపిస్తారు. నిజంగా ఎవరూ ఆగలేరు. కాని లెక్క వేస్తే ఒక చిత్రం బయటపడుతుంది. గెంతులో పై నాలుగో వంతు ఎత్తులో, అనగా చివరి 10 సెం.మీ.లో, మనం మొత్తం కాలంలో సగం గడుపుతాం! పైకి పోయిన కొద్దీ వేగం తగ్గడమే దీనికి కారణం. ఆ 0.28 సెకనులోనే బంతిని కొట్టాలి. బంతిని లేపి ఇచ్చే అమ్మాయి, కొట్టే అమ్మాయి నెలల తరబడి కలిసి సాధన చేసేది ఈ చిన్న వ్యవధిని పట్టుకోవడానికే.

దిగడం కూడా విద్యే

గెంతడం అందరూ నేర్పుతారు. దిగడం నేర్పేవారు తక్కువ. 40 సెం.మీ. ఎత్తు నుండి దిగిన అమ్మాయి మోకాళ్ళు బిగబట్టి, 5 సెం.మీ. లోపునే శరీరాన్ని ఆపితే ఆమె కాళ్ళ మీద పడే సగటు బలం ఆమె బరువుకు 9 రెట్లు. మోకాళ్ళు, తుంటి వంచి 20 సెం.మీ. దూరంలో ఆపితే 3 రెట్లే! ఎత్తును ఆపే దూరంతో భాగించి, ఒకటి కలపండి. ఈ లెక్క మీరే చేయవచ్చు.

గెంతులు ఎక్కువగా ఉండే ఆటల్లో మోకాలి లోపలి బంధనం తెగే ప్రమాదం అబ్బాయిల కంటే అమ్మాయిలకు ఎక్కువని వైద్యులు గుర్తించారు. దిగేటప్పుడు మోకాళ్ళు రెండూ లోపలికి వాలడం ఇందుకు ఒక ముఖ్య కారణం. మోకాళ్ళు పాదాల వేళ్ళకు సూటిగా ఉండేటట్టు, మెత్తగా, చప్పుడు కాకుండా దిగడం రోజూ పది నిమిషాలు సాధన చేస్తే ఈ ప్రమాదం చాలా తగ్గుతుంది.

ఈ సూత్రాన్నే మరో విధంగా వాడి ప్రపంచాన్ని గెలిచిన అమ్మాయిలున్నారు. సిరిసిల్ల మరమగ్గాల చప్పుడు విన్నవారికి ఈ కథ దగ్గరగా తోస్తుంది. జపానులోని కైజుకాలో నిచిబో అనే నూలు మిల్లు ఉండేది. అందులో పనిచేసే అమ్మాయిలతో హిరోబుమి దైమత్సు అనే శిక్షకుడు వాలీబాల్ జట్టును తయారుచేశాడు. పగలు మిల్లులో ఉద్యోగం. ఆ తరువాత రాత్రి పొద్దుపోయే దాకా సాధన. దూరంగా పడే బంతి కోసం నేల మీదికి దూకి, బంతిని లేపి, అదే ఊపులో భుజం మీదుగా దొర్లి లేచే పద్ధతిని వారు అలవరచుకున్నారు. దొర్లడం వల్ల దెబ్బ ఒకేచోట పడదు. ఆగే కాలం పెరిగి బలం తగ్గుతుంది. పైగా వెంటనే లేచి నిలబడవచ్చు. 1962లో మాస్కోలో వారు ప్రపంచ విజేతలయ్యారు. 1964 అక్టోబరు 23న టోక్యో ఒలింపిక్స్‌లో మసయే కసాయ్ నాయకత్వంలో సోవియట్ జట్టును 15-11, 15-8, 15-13 తేడాతో ఓడించి బంగారు పతకం సాధించారు. జట్టులోని 12 మందిలో 10 మంది ఆ మిల్లు అమ్మాయిలే. "ఆడపిల్లలకు ఓపిక తక్కువ" అనేవారికి ఇంతకంటే వేరే జవాబు అక్కరలేదు. అయితే అంత కఠినమైన శిక్షణను ఆనాడే కొందరు విమర్శించారు. సాధనతో పాటు విశ్రాంతి కూడా శిక్షణలో భాగమేనని నేటి క్రీడా శాస్త్రం చెబుతుంది.

మన ఇంటి ఉదాహరణ కూడా ఒకటి ఉంది. బాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆడినవారే. తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్య పతకం పొందిన భారత జట్టులో సభ్యుడు. తల్లి విజయ జాతీయ స్థాయి క్రీడాకారిణి.

250 గెంతులకు పావు రొట్టె!

ఇప్పుడు మన జట్టు దగ్గరికి వద్దాం. రెండు రోజుల్లో ఒక అమ్మాయి 250 సార్లు గెంతిందనుకుందాం. ఆమె బరువు 45 కిలోలు. ఒక్క గెంతుకు చేసే పని 45 × 9.8 × 0.4, అంటే సుమారు 176 జౌళ్ళు. 250 గెంతులకు 44,000 జౌళ్ళు. ఇది సుమారు పదిన్నర కిలోకెలోరీలు. కండరం తాను ఖర్చు చేసే శక్తిలో దాదాపు నాలుగో వంతునే పనిగా మార్చగలదు. కనుక ఖర్చు 42 కిలోకెలోరీలు. ఒక మామూలు జొన్న రొట్టెలో సుమారు 170 కిలోకెలోరీలు ఉంటాయి. అనగా 250 గెంతులకు పావు రొట్టె సరిపోతుంది!

మరి అలసట ఎందుకు? ఆహారంలోని శక్తి నేరుగా కండరానికి అందదు. ఒక్కసారిగా గెంతడానికి కండరంలో క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే పదార్థం శక్తినిస్తుంది. అది కొన్ని సెకన్లలోనే అయిపోతుంది. మళ్ళీ నిండటానికి కొన్ని నిమిషాలు, దానికి తగిన ఆక్సిజన్ కావాలి. గంటల తరబడి ఆడటానికి, పరుగెత్తడానికి గ్లైకోజెన్ నిల్వ కావాలి. ఒకరోజు బాగా ఆడితే ఆ నిల్వ తగ్గుతుంది. మళ్ళీ నిండటానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. ఆట ముగిసిన గంటలోపు తింటే త్వరగా నిండుతుంది. శనివారం సాయంత్రం మన జట్టు ఏం తిన్నది? గెలిచిన సంతోషంలో కబుర్లు చెప్పుకుంటూ ఒక బిస్కెట్ పొట్లంతో సరిపెట్టుకుంటే, ఆదివారానికి ఖాతాలో నిల్వ ఉండదు. అరటిపండు, పల్లిపట్టి, బెల్లం కలిపిన అటుకులు సంచిలో పెట్టుకుని పోవడం కష్టం కాదు. రాత్రి అన్నం, పప్పు, గుడ్డు కడుపునిండా తిని, తొమ్మిదింటికల్లా పడుకుంటే సగం ఆట గెలిచినట్టే.

నీళ్ళు తాగని జట్టు

కండరం ఖర్చు చేసే శక్తిలో మిగిలిన మూడు వంతులు వేడిగా మారుతుంది. మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయో మీకు తెలుసు. చెమట కూడా అదే పని చేస్తుంది. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోకెలోరీల వేడి బయటికి పోతుంది. అయితే పోయిన నీటిని మళ్ళీ నింపాలి. శరీరం బరువులో నూటికి 2 వంతుల నీరు తగ్గితేనే ఆట మందగిస్తుంది. 45 కిలోల అమ్మాయికి అది 900 గ్రాములు. ఎండలో రెండు ఆటలు ఆడితే అంత చెమట పోవచ్చు.

ఇక్కడ పుస్తకాల్లో రాయని ఒక సంగతి చెప్పాలి. పోటీలకు వెళ్ళిన ఆడపిల్లలు చాలామంది కావాలనే నీళ్ళు తాగరు. మైదానం దగ్గర శుభ్రమైన మరుగుదొడ్డి ఉండదేమోనని వారి భయం. ఉదయం నుండి సాయంత్రం దాకా నాలుక తడుపుకుని ఊరుకుంటారు. నెలసరి రోజులైతే ఈ ఇబ్బంది రెట్టింపవుతుంది. దీని ఫలితమే తలనొప్పి, కండరాల పట్టు, మందగించిన ఆట. కనుక పోటీ జరిపేవారు గీతలు గీయడానికి ముందు చూసుకోవలసింది నీళ్ళు, తలుపు గడియ ఉన్న మరుగుదొడ్డి. ఇది దయ కాదు, ఆట నియమాలలో ఒకటి వంటిది. నెలసరి జబ్బు కాదు. ఓపిక ఉన్నవారు ఆ రోజుల్లోనూ ఆడవచ్చు. నొప్పి ఎక్కువగా ఉంటే విశ్రాంతి తీసుకోవచ్చు. ఈ మాట సిగ్గుపడకుండా శిక్షకులకు చెప్పగలిగే వాతావరణం జట్టులో ఉండాలి.

రక్తంలోని ఇనుము

చివరి కారణం కంటికి కనిపించదు. గెంతుకు, గెంతుకు మధ్య కండరం కోలుకోవడానికి ఆక్సిజన్ కావాలన్నాం కదా! దానిని మోసేది రక్తంలోని హిమోగ్లోబిన్. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 12 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న అమ్మాయికి 16 మిల్లీలీటర్ల ఆక్సిజన్ అందుతుంది. 9 గ్రాములే ఉన్న అమ్మాయికి 12 మిల్లీలీటర్లు. అనగా నాలుగో వంతు తక్కువ! ఒకే బడిలో, ఒకే సాధన చేసినా రెండవ అమ్మాయి త్వరగా ఆయాసపడుతుంది. ఆమెను "బద్ధకస్తురాలు" అనడం ఎంత అన్యాయం!

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-19 ఏళ్ళ అమ్మాయిలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. అదే వయసు అబ్బాయిలలో నూటికి 31 మందికి ఉంది. అంటే ఆరుగురు కోర్టులో నిలబడితే, సగటున ముగ్గురు నలుగురు తక్కువ ఇంధనంతో ఆడుతున్నారన్నమాట.

దీనికి మందు ఉంది. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలి రంగు ఇనుము మాత్రను పారేయకండి. అన్నం తిన్న తరువాత వేసుకుంటే వికారం తక్కువగా ఉంటుంది. తోటకూర, మునగాకు, గంగవాయిలి కూర, రాగులు, నువ్వులు తినండి. మాంసం తినేవారు కాలేయం తినండి. కూరలో నిమ్మరసం పిండుకోండి. జామకాయ, ఉసిరికాయ తినండి. వాటిలోని విటమిన్ 'సి' ఇనుము ఒంటబట్టడానికి తోడ్పడుతుంది. అన్నం తినగానే చాయ్ తాగితే ఇనుము ఒంటబట్టదు. గంట ఆగండి. అయితే ఇనుము ఒక్కరోజులో పెరిగేది కాదు. ఆదివారం ఆటకు మూడు నెలల ముందే సిద్ధం కావాలి.

మీరు చేసి చూడండి

1. గోడ పక్కన నిలబడి, చేయి చాపి సుద్దముక్కతో గుర్తు పెట్టండి. గెంతి మరొక గుర్తు పెట్టండి. రెండింటి మధ్య దూరం మీ గెంతు. 20 సెం.మీ. అయితే మీరు గాలిలో 0.40 సెకను ఉన్నారు. 30 సెం.మీ. అయితే 0.49 సెకను. 40 సెం.మీ. అయితే 0.57 సెకను. 50 సెం.మీ. అయితే 0.64 సెకను. ఆటకు ముందు ఒకసారి, ఆట తరువాత ఒకసారి కొలవండి.

2. ఒక స్నేహితురాలు 30 సెం.మీ. స్కేలును నిలువుగా పట్టుకుంటుంది. సున్నా గుర్తు దగ్గర మీ వేళ్ళు తెరిచి ఉంచండి. ఆమె చెప్పకుండా వదలగానే పట్టుకోండి. 20 సెం.మీ. దగ్గర పట్టుకుంటే మీ ప్రతిచర్యా కాలం 0.2 సెకను. బాగా నిద్రపోయిన ఉదయం ఒకసారి, చాలీచాలని నిద్రతో లేచిన ఉదయం మరొకసారి, పదేసి సార్లు చేసి సగటు తీయండి.

3. ఆటకు ముందు, తరువాత బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి అర కిలోకు అర లీటరు కంటే కాస్త ఎక్కువ నీళ్ళు, లేదా ఉప్పు వేసిన సల్ల తాగాలి. ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా తాగండి.

ఈ మూడు కొలతలనూ జట్టులోని అందరికీ తీసి, ఒక నోటుపుస్తకంలో పట్టిక వేయండి. నెల తరువాత మళ్ళీ కొలవండి. ఎవరి గెంతు పెరిగింది, ఎవరిది తగ్గింది, వారు ఏం తిన్నారు, ఎంతసేపు నిద్రపోయారు అని పోల్చి చూడండి. గెంతు తగ్గుతూ, ఆయాసం పెరుగుతూ ఉన్న అమ్మాయి ఎవరైనా కనిపిస్తే ఆమెను జట్టు నుండి తీసివేయకండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించమని మీ ఉపాధ్యాయులకు చెప్పండి.